శుక్లం ఆపరేషన్‌కు ముందు కంటిని కొలవడం: లెన్స్ పవర్ సరిగ్గా కుదరాలంటే

శుక్లం ఆపరేషన్‌లో మసకబారిన సహజ కటకాన్ని తీసివేసి, దాని స్థానంలో కృత్రిమ లెన్స్ అమరుస్తారు. ఆ లెన్స్ పవర్ ఎంత ఉండాలన్నది ఆపరేషన్ బల్ల మీద తేలే విషయం కాదు. అంతకు ముందే, పక్కనున్న ఒక చిన్న గదిలో, కంటి కొలతలు తీసే సహాయకుని చేతిలో అది తేలిపోతుంది. సర్జన్ ఎంత నేర్పుతో ఆపరేషన్ చేసినా, కొలత తప్పితే ఆ తప్పు రోగి కంటిలోనే ఉండిపోతుంది, దాన్ని మందమైన కళ్ళద్దాలతోనో, మరో ఆపరేషన్‌తోనో సరిదిద్దుకోవలసి వస్తుంది. కంటి ఆసుపత్రుల్లో, విజన్ సెంటర్లలో, శిబిరాల్లో ఈ పని నేర్చుకుంటున్న ఆప్తాల్మిక్ అసిస్టెంట్లను, ఆప్టోమెట్రీ విద్యార్థులను దృష్టిలో ఉంచుకుని ఈ వ్యాసం రాస్తున్నాను. అమ్మకో నాన్నకో ఆపరేషన్ చేయించబోతున్నవారు చదివినా, ఆ గదిలో ఏం జరుగుతుందో, అక్కడ ఏ వివరాలు చెప్పడం అవసరమో తెలుస్తుంది.

కొలత లేకపోతే ఏమవుతుందో ఈ రంగపు మొదటి రోజే తెలిసింది. 1949 నవంబరు 29న లండన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో హెరాల్డ్ రిడ్లే తొలిసారిగా కృత్రిమ లెన్స్‌ను కంటిలో పెట్టినప్పుడు, ఒక్కొక్క కంటికి తగిన పవర్‌ను విడిగా లెక్కగట్టే పద్ధతి ఏదీ లేదు. సహజ కటకం వంపును అనుసరించి లెన్స్ తయారుచేశారు గాని, ఆ ప్లాస్టిక్ కాంతిని సహజ కటకం కంటే ఎక్కువగా వంచుతుంది కాబట్టి పవర్ అవసరానికి మించిపోయి, రోగికి పది డయాప్టర్లకు (డయాప్టర్ అంటే లెన్స్ పవర్‌ను, అద్దాల నంబరును చెప్పే ప్రమాణం) పైగా మైనస్ మిగిలింది. ఇప్పుడు మన చేతుల్లో ఉన్న యంత్రాలన్నీ, సూత్రాలన్నీ ఆ తేడాను అర డయాప్టర్ లోపలికి తీసుకురావడానికి పుట్టినవే.

లెక్కకు ముఖ్యంగా రెండు కొలతలు కావాలి. మొదటిది కార్నియా వంపు, అంటే కంటి ముందున్న పారదర్శకమైన పొర కాంతిని ఎంతగా వంచుతుందన్నది. దీన్నే వాడుకలో కే రీడింగ్ అంటాం. రెండవది కార్నియా నుంచి, కంటి వెనక కాంతిని గ్రహించే పొరైన రెటీనా దాకా కంటి పొడవు. ఈ రెండూ తెలిస్తే, మధ్యలో ఎంత పవర్ గల లెన్స్ పెడితే కాంతి సరిగ్గా రెటీనా మీద పడుతుందో లెక్కకట్టవచ్చు. సగటు కంటి పొడవు దాదాపు 23.5 మిల్లీమీటర్లు, సగటు కే రీడింగ్ 43 నుంచి 44 డయాప్టర్లు. పొడవులో 1 మి.మీ. పొరపాటు జరిగితే, సగటు కంటిలో ఆపరేషన్ తర్వాత కళ్ళద్దాల నంబరు దాదాపు 2.5 నుంచి 3 డయాప్టర్లు మారిపోతుంది; పొట్టి కంటిలో ఈ నష్టం ఇంకా ఎక్కువ, పొడవైన కంటిలో కొంత తక్కువ. కే రీడింగ్‌లో 1 డయాప్టర్ పొరపాటు నంబరును దాదాపు 1 డయాప్టర్ మారుస్తుంది. కాబట్టి మీ శ్రద్ధలో పెద్ద వాటా కంటి పొడవుకే దక్కాలి.

కొలతకు కూర్చోబెట్టే ముందు

మొదట అడగవలసినవి అడగండి. కాంటాక్ట్ లెన్సులు వాడుతున్నారా? వాడుతుంటే మెత్తని లెన్సులైతే కనీసం ఒక వారం, గట్టి లెన్సులైతే మూడు నాలుగు వారాలు మానేసిన తర్వాతే కొలవాలి, ఎందుకంటే లెన్స్ కార్నియా ఆకారాన్ని తాత్కాలికంగా మార్చి ఉంచుతుంది. గతంలో అద్దాలు పోవడానికి లేజర్ చేయించుకున్నారా? రెటీనా ఊడిపోయి ఆపరేషన్ జరిగిందా, కంటిలో సిలికాన్ ఆయిల్ నింపారా? రెండో కంటికి ఇప్పటికే ఆపరేషన్ జరిగి ఉంటే, అందులో వేసిన లెన్స్ పవర్ ఎంత, ఆ తర్వాత వచ్చిన అద్దాల నంబరు ఎంత? ఈ ప్రశ్నలకు చాలామంది తమంతట తాము జవాబు చెప్పరు. ఇరవై ఏళ్ళ కిందట లేజర్ చేయించుకున్న సంగతి శుక్లంతో సంబంధం లేనిదని అనుకుంటారు. అందుకని అడిగే బాధ్యత మనదే. పాత అద్దాలుంటే తెప్పించుకుని వాటి నంబరు చూడండి; చిన్నప్పటి నుంచీ పెద్ద మైనస్ అద్దాలు వాడినవారి కన్ను పొడవుగా ఉంటుందని, పెద్ద ప్లస్ వాడినవారి కన్ను పొట్టిగా ఉంటుందని ముందే ఊహించవచ్చు. యంత్రం చూపే అంకె ఈ ఊహకు విరుద్ధంగా ఉంటే, తిరిగి కొలవాలని మీకు వెంటనే తెలుస్తుంది. ఒక్క జాగ్రత్త మాత్రం అవసరం: కటకం మధ్యభాగం గట్టిపడే రకం శుక్లంలో ఈ మధ్యకాలంలో మైనస్ పెరిగి ఉండవచ్చు, కాబట్టి శుక్లం రాకముందు వాడిన అద్దాలే నమ్మదగిన ఆధారం.

వరస కూడా ముఖ్యమే. కే రీడింగ్ ఎప్పుడూ ముందు తీయాలి. కంటి ఒత్తిడి కొలవడానికో, శబ్ద తరంగాలతో కంటి పొడవు కొలిచే ఏ-స్కాన్‌కో మత్తు చుక్కలు వేసి, కార్నియాను తాకిన తర్వాత కే రీడింగ్ తీస్తే, పైనున్న కన్నీటి పొర చెదిరి, అంకెలు నమ్మదగినవిగా ఉండవు. శిబిరాల్లో రోగుల వరస పొడవుగా ఉన్నప్పుడు ఈ నియమాన్ని పక్కనపెట్టి, ముందు అందరికీ చుక్కలు వేసేయడం చూస్తుంటాం. ఆ తొందర పనికిరాదు.

కే రీడింగ్

కార్నియా వంపును కొలిచే కెరటోమీటర్ చేతితో వాడే రకం అయితే, ఉదయం మొదటి రోగి కంటే ముందు, యంత్రంతో పాటు ఇచ్చిన ఉక్కు గోళం మీద పెట్టి అంకె సరిపోతోందో లేదో చూడండి. తర్వాత యంత్రంలో మీరు కన్ను పెట్టి చూసే అద్దాన్ని (ఐపీస్) పూర్తిగా వెనక్కి తిప్పి, మెల్లగా ముందుకు తెస్తూ, లోపలి అడ్డగీత, నిలువుగీత మొదటిసారి స్పష్టంగా కనిపించిన చోట ఆపండి. ఇది మీ కంటికి సంబంధించిన సర్దుబాటు కాబట్టి, వేరొకరు యంత్రం వాడిన ప్రతిసారీ తిరిగి చేసుకోవాలి. ఈ చిన్న పని మరచిపోవడం వల్లనే ఒకే కంటికి ఇద్దరు సహాయకులు తీసిన రీడింగులు వేరువేరుగా వస్తుంటాయి.

రోగి గడ్డం, నుదురు ఆనించి, రెండో కన్ను మూసి, గొట్టంలోకి నేరుగా చూడమనండి. కార్నియా మీద మూడు వలయాల ప్రతిబింబం కనిపిస్తుంది. జంటగా కనిపించే కింది వలయం ఒక్కటయ్యేదాకా ఫోకస్ చేసి, ప్లస్ గుర్తులు కలిసేలా ఒక మరను, మైనస్ గుర్తులు కలిసేలా మరో మరను తిప్పాలి. గుర్తులు ఒకే గీతలోకి రాకపోతే యంత్రాన్ని తిప్పి సరైన కోణం పట్టుకోవాలి. ప్రతి రీడింగుకు ముందు రోగిని ఒకటి రెండుసార్లు రెప్పలార్పమనండి. వలయాలు వంకరగా, చెదిరినట్లు కనిపిస్తే కన్ను పొడిబారి ఉండవచ్చు. కృత్రిమ కన్నీటి చుక్క వేసి కాసేపు ఆగి చూడండి. అప్పటికీ కుదరకపోతే, కన్ను పొడిబారడానికి చికిత్స జరిగిన తర్వాత మరో రోజు పిలిపించడమే మంచిది. కనీసం మూడు రీడింగులు తీయండి, అవి ఒకదానికొకటి పావు డయాప్టర్ లోపల ఉంటేనే సగటు తీయండి.

మన ప్రాంతంలో ఎండలో, దుమ్ములో పొలం పనులు చేసేవారికి కంట్లో కండ పెరగడం ఎక్కువ. ఆ కండ కార్నియా మీదికి పాకితే, అడ్డంగా ఉండే వంపు చదునై, కే రీడింగ్ నిజం కంటే తక్కువగా కనిపిస్తుంది. కండ పెద్దదిగా ఉంటే ముందు దాన్ని తీయించి, కార్నియా ఆకారం కుదురుకున్న తర్వాతే లెన్స్ కొలత తీయాలని డాక్టరుకు గుర్తుచేయండి. నల్లగుడ్డు మీద పువ్వు ఉన్న కంటిలో వలయాలు అసలు కుదరకపోవచ్చు. అప్పుడు రెండో కన్ను బాగుంటే దాని రీడింగును ఆధారంగా తీసుకోవచ్చు గాని, అలా చేశామని కాగితం మీద స్పష్టంగా రాయాలి.

కంటి పొడవు: ఏ-స్కాన్

ఏ-స్కాన్ పొడవును నేరుగా కొలవదు. శబ్ద తరంగం లోపలికి వెళ్ళి, ఒక్కొక్క పొర నుంచి తిరిగి రావడానికి పట్టిన కాలాన్ని కొలిచి, దాన్ని వేగంతో లెక్కకట్టి పొడవుగా చూపుతుంది. కంటి ముందరి ద్రవంలోను, వెనకనున్న జెల్లీ వంటి విట్రియస్‌లోను శబ్దం సెకనుకు 1532 మీటర్ల వేగంతో, కటకంలో 1641 మీటర్ల వేగంతో ప్రయాణిస్తుంది. సహజ కటకం ఉన్న కంటికి యంత్రాలు సాధారణంగా సగటున 1550 ప్రాంతపు వేగాన్ని వాడతాయి. దీని అర్థం ఏమిటంటే, యంత్రంలో కంటి రకాన్ని తప్పుగా ఎంచుకుంటే, మీ చేయి ఎంత నిలకడగా ఉన్నా అంకె తప్పుగానే వస్తుంది. అంతకు ముందు లెన్స్ లేని కంటికో, కృత్రిమ లెన్స్ ఉన్న కంటికో మార్చిన అమరిక అలాగే మిగిలిపోయిందేమో ప్రతి రోగికీ చూసుకోవాలి.

శబ్ద తరంగాలు పంపే ప్రోబును కార్నియాకు ఆనించి కొలిచే పద్ధతి మన దగ్గర ఎక్కువగా వాడుకలో ఉంది. ఇందులో ఉన్న ప్రధానమైన లోపం నొక్కుడు. కార్నియా మెత్తనిది, కొద్దిగా నొక్కినా లోపలికి వంగి, పొడవు 0.1 నుంచి 0.3 మి.మీ. దాకా తక్కువగా కనిపిస్తుంది. కన్ను పొట్టిదని యంత్రం అనుకుంటుంది, లెక్క ఎక్కువ పవర్ గల లెన్స్‌ను చూపుతుంది, రోగికి ఆపరేషన్ తర్వాత అనుకోని మైనస్ మిగులుతుంది. దీనికి విరుగుడు తెర మీదనే ఉంది. పొడవుతో పాటు కార్నియాకు కటకానికి మధ్యనున్న గది లోతును కూడా యంత్రం చూపుతుంది. ఒకే కంటికి తీసిన రీడింగుల్లో ఈ లోతు తగ్గినచోట మీరు నొక్కారన్నమాట. స్పైకులు (ఒక్కొక్క పొర నుంచి తిరిగి వచ్చిన తరంగానికి తెర మీద నిలువుగా లేచే గీతలు) బాగుండి, లోతు ఎక్కువగా ఉన్న రీడింగులను ఉంచుకుని, మిగతావి తీసివేయండి. అయితే పొడవు ఎక్కువగా వచ్చిన రీడింగే మంచిదని గుడ్డిగా అనుకోకూడదు. కన్నీరో, జెల్లో, చుక్కలో ప్రోబుకు, కార్నియాకు మధ్య పేరుకుంటే ఆ ద్రవం మందం కూడా కలిసి పొడవు పెరుగుతుంది, ఫలితంగా రోగికి ప్లస్ మిగులుతుంది. రెప్పల అంచున అదనంగా ఉన్న తడిని దూదితో తుడిచి కొలవండి.

మంచి స్కాన్‌ను గుర్తుపట్టడమే ఈ పనిలోని అసలు విద్య. ఎడమ నుంచి కుడికి వరసగా కార్నియా స్పైకు, కటకం ముందరి స్పైకు, కటకం వెనకటి స్పైకు, రెటీనా స్పైకు, దాని వెంటనే స్క్లీరా (కంటి తెల్లని బయటి పొర) స్పైకు, ఆ తర్వాత క్రమంగా చిన్నవవుతూ పోయే కొవ్వు స్పైకులు కనిపించాలి. రెటీనా స్పైకు నేల మీద నుంచి నిటారుగా లేవాలి. అది మెట్లు మెట్లుగా, ఏటవాలుగా లేస్తే తరంగం రెటీనాకు లంబంగా తగలడం లేదు. కటకం రెండు స్పైకులూ దాదాపు ఒకే ఎత్తులో, బలంగా ఉంటే ప్రోబు కంటి అక్షం మీద ఉందని తెలుస్తుంది. రెటీనా స్పైకు ఉండి స్క్లీరా, కొవ్వు స్పైకులు లేకపోతే, తరంగం రెటీనా మధ్యభాగమైన మాక్యులాకు బదులు దృష్టి నాడి మీద పడుతోంది. ప్రోబును కొద్దిగా చెవి వైపుకు మళ్ళించి చూడండి. యంత్రం దానంతట అది పట్టిన రీడింగు కాబట్టి సరైనదేనని నమ్మకండి. ముదిరిన శుక్లంలో కటకం లోపలే అనవసరపు స్పైకులు లేస్తాయి. యంత్రం వాటిలో ఒకదాన్ని కటకం వెనకటి అంచుగా పొరబడి, గుర్తుగీతను అక్కడ పెట్టవచ్చు. ప్రతి రీడింగులోనూ గుర్తుగీతలు సరైన స్పైకుల మీదే ఉన్నాయా అని కంటితో చూడాలి, అవసరమైతే చేతితో జరపాలి. తిరిగి వచ్చే సంకేతాన్ని పెంచి చూపే అమరికైన గెయిన్‌ను అవసరానికి మించి పెంచితే స్పైకులన్నీ ఎత్తుగా, బలంగా కనిపించి, పక్కపక్కనున్నవి కలిసిపోతాయి. స్పైకులు తెలిసేంత కనీస గెయిన్‌తోనే పని చేయండి.

రోగి చూపు నిలపకపోతే ఇవన్నీ వృథా. ప్రోబు మధ్యలో కనిపించే ఎర్ర దీపాన్ని చూడమని చెప్పండి. ముదిరిన శుక్లం వల్ల దీపం కనిపించనివారుంటారు. అటువంటప్పుడు వారి చేతిని ముందుకు చాపించి, బొటనవేలు ఎత్తి పట్టించి, "మీ వేలు ఎక్కడుందో అటే చూస్తూ ఉండండమ్మా, రెండో కన్ను కదపవద్దు" అని చెబితే, కనిపించకపోయినా చూపు నిలుస్తుంది. పెద్దవాళ్ళు భయంతో రెప్పలు బిగిస్తారు. "సూది కాదు తాతా, ముట్టుకుంటామంతే, నొప్పి ఉండదు" అని ముందే ఒక మాట చెప్పడం కొలతలో భాగమే, ఎందుకంటే బిగించిన కన్ను తప్పు అంకెనే ఇస్తుంది.

ఒక కంటికి పది దాకా రీడింగులు తీసి, చెదిరినవి తీసివేయగా మిగిలినవాటి ప్రామాణిక విచలనం (రీడింగులు సగటు నుంచి ఎంత చెదిరాయో చూపే అంకె) 0.1 మి.మీ. లోపల, వీలైతే 0.05 లోపల ఉండేలా చూసుకోండి. ఆపరేషన్ ఒక కంటికే అయినా రెండు కళ్ళూ కొలవాలి. ఇది సమయం వృథా అని అనిపించవచ్చు గాని, మీ కొలతకు అన్నింటికంటే దగ్గరి సాక్ష్యం ఆ మనిషి రెండో కన్నే. రోగికీ రోగికీ మధ్య ప్రోబు కొనను స్పిరిట్‌తో తుడిచి, అది పూర్తిగా ఆరిన తర్వాతే వాడండి. తడి స్పిరిట్ కార్నియా పైపొరను దెబ్బతీస్తుంది, తుడవని ప్రోబు ఒకరి కండ్లకలక మరొకరికి అంటిస్తుంది.

వీలున్న చోట ఇమర్షన్ పద్ధతికి మారండి. రెప్పల మధ్య చిన్న గిన్నె వంటి షెల్ అమర్చి, సెలైన్ నింపి, ప్రోబును ఆ నీటిలో ఉంచి, కార్నియాను తాకకుండా కొలుస్తారు. నొక్కుడన్న మాటే ఉండదు కాబట్టి ఒకరు తీసినా, మరొకరు తీసినా అంకెలు దగ్గరగా వస్తాయి. సెలైన్‌లో గాలిబుడగ లేకుండా మాత్రం చూసుకోవాలి. దీనికి యంత్రం మార్చనవసరం లేదు, షెల్ ఒక్కటి చాలు. ఇంత తక్కువ ఖర్చుతో ఇంత మేలు చేసే మార్పు ఈ గదిలో మరొకటి లేదని నా నమ్మకం.

కాంతితో కొలిచే యంత్రాలు

1999లో వచ్చిన ఐఓఎల్ మాస్టర్‌తో కంటి పొడవును శబ్దానికి బదులు కాంతితో కొలవడం మొదలైంది. కన్నును తాకనవసరం లేదు, చుక్కలు అక్కరలేదు, రోగి దీపాన్ని చూస్తే చాలు. కాంతి నేరుగా చూపు నిలిచిన చోటికే వెళ్తుంది గనుక మాక్యులా తప్పిపోయే ప్రమాదం తక్కువ, కచ్చితత్వం 0.01 మి.మీ. స్థాయిలో ఉంటుంది. ఆ తర్వాత వచ్చిన స్వెప్ట్ సోర్స్ రకం యంత్రాలు మరింత ముదిరిన శుక్లాలను కూడా దాటి కొలవగలవు. అయినా పూర్తిగా తెల్లబడిన లేదా నల్లబడిన శుక్లంలో కాంతి రెటీనా దాకా చేరదు, అటువంటి కళ్ళు మన గ్రామాల్లో ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి. కాబట్టి ఎంత మంచి యంత్రం ఉన్న ఆసుపత్రిలోనైనా ఏ-స్కాన్ చేయి మరచిపోకూడదు. ఈ యంత్రాలు ఇచ్చే నాణ్యతా సంకేతాన్ని చూడకుండా అంకెను మాత్రమే రాసుకోవడం పెద్ద పొరపాటు.

లెక్క

లెక్క ఎలా పనిచేస్తుందో అర్థం చేసుకోవడానికి 1980లో శాండర్స్, రెట్జ్‌లాఫ్, క్రాఫ్ ఇచ్చిన ఎస్ఆర్‌కే సూత్రం చాలు. లెన్స్ పెట్టె మీద ముద్రించిన 'ఏ' (A) స్థిరాంకంలో నుంచి, అంటే ఆ లెన్స్ రకానికి ఇచ్చిన అంకెలో నుంచి, కంటి పొడవును 2.5తో గుణించగా వచ్చినదాన్ని, సగటు కే రీడింగును 0.9తో గుణించగా వచ్చినదాన్ని తీసివేస్తే లెన్స్ పవర్ వస్తుంది. 'ఏ' స్థిరాంకం 118.4, పొడవు 23.5, కే రీడింగులు 43, 44 అనుకోండి. సగటు కే 43.5. అప్పుడు 118.4లో నుంచి 58.75, 39.15 తీసివేస్తే 20.5 డయాప్టర్లు. ఇదే కంటిని 0.3 మి.మీ. నొక్కి కొలిచి 23.2 అని రాస్తే లెక్క 21.25కి పోతుంది. అర డయాప్టర్ చొప్పున తయారయ్యే లెన్సుల్లో ఒక మెట్టు, రెండు మెట్లు ఆ నొక్కుడుకే ఖర్చయిపోయాయి.

ఈ తొలి సూత్రం సగటు కళ్ళకు ఫరవాలేదు గాని, పొట్టి, పొడవు కళ్ళలో తప్పుతుంది, అందువల్ల దాన్ని నేర్చుకోవడానికే తప్ప నిర్ణయానికి వాడకూడదు. కారణం ఏమిటంటే, లెన్స్ కంటిలో ఎంత లోతున కుదురుకుంటుందన్నది ముందుగా ఎవరూ కొలవలేరు, ఊహించవలసిందే. తర్వాత వచ్చిన సూత్రాలన్నీ ఆ ఊహను మెరుగుపరచినవే. బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2017లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం 22 మి.మీ. కంటే పొట్టి కళ్ళకు హేగిస్ లేదా హాఫర్ క్యూ, 22 నుంచి 26 మధ్యవాటికి బారెట్ యూనివర్సల్ టూ లేదా ఎస్ఆర్‌కే టీ, 26 దాటినవాటికి హేగిస్ లేదా ఎస్ఆర్‌కే టీ వాడాలి. 'ఏ' స్థిరాంకం విషయంలో ఒక మెలకువ ఉంది. పెట్టె మీద ఉన్నది చాలాసార్లు ప్రోబు ఆనించి తీసే కొలతకు ఉద్దేశించినది. కాంతి యంత్రంలో పొడవు కొంచెం ఎక్కువగా వస్తుంది కాబట్టి అక్కడ అదే లెన్స్‌కు కొంచెం పెద్ద స్థిరాంకం వాడాలి. యంత్రం మార్చిన రోజు ఈ సంగతి మరచిపోతే, ఆ వారం ఆపరేషన్ అయినవారందరికీ ఒకే రకమైన తేడా మిగులుతుంది.

లెక్క వచ్చిన తర్వాత కాగితం సర్జనుకు ఇచ్చే ముందు ఒకసారి ఆగండి. పొడవు 22 కంటే తక్కువ లేదా 25 కంటే ఎక్కువ ఉన్నా, సగటు కే 40 కంటే తక్కువ లేదా 47 కంటే ఎక్కువ ఉన్నా, రెండు కళ్ళ పొడవుల మధ్య 0.3 మి.మీ. కంటే, కే రీడింగుల మధ్య లేదా లెన్స్ పవర్ల మధ్య 1 డయాప్టర్ కంటే ఎక్కువ తేడా ఉన్నా తిరిగి కొలవండి, వీలైతే మరొకరి చేత కొలిపించండి. రెండోసారి కూడా అదే వస్తే ఆ కన్ను నిజంగానే అటువంటిదని ధైర్యంగా రాయవచ్చు.

తేలికగా లొంగని కళ్ళు

లేసిక్ వంటి లేజర్ చికిత్స జరిగిన కంటిలో కెరటోమీటర్ మోసం చేస్తుంది. కార్నియా ముందరి భాగం మాత్రమే చదునైంది, వెనకటి భాగం మారలేదు. యంత్రం మాత్రం రెండింటి మధ్య మామూలు నిష్పత్తి ఉందని భావించి కార్నియా పవర్‌ను ఎక్కువగా చూపుతుంది. మైనస్ పోవడానికి లేజర్ చేయించుకున్నవారికి మామూలు సూత్రంతో లెన్స్ వేస్తే ప్లస్ మిగులుతుంది. వీరికి బారెట్ ట్రూ కే, హేగిస్ ఎల్ వంటి ప్రత్యేక సూత్రాలున్నాయి. లేజర్‌కు ముందరి అద్దాల నంబరు, కే రీడింగు ఉన్న పాత కాగితాలు దొరికితే ఎంతో మేలు. హైదరాబాదులోనో, అమెరికాలోనో లేజర్ చేయించుకుని ఇప్పుడు యాభై దాటుతున్నవారు ఆ కాగితాలను భద్రంగా దాచుకోవాలని గట్టిగా చెబుతున్నాను.

పెద్ద మైనస్ ఉన్న పొడవైన కంటిలో వెనకభాగం ఉబ్బి, సంచిలా సాగి ఉండవచ్చు. ఏ-స్కాన్ ఆ ఉబ్బు అడుగును తాకితే పొడవు ఎక్కువగా వస్తుంది, రీడింగులు ఒకదానికొకటి పొంతన లేకుండా ఉంటాయి. ఇటువంటి కంటికి కాంతి యంత్రమే మేలు. శుక్లం ముదిరి అది పనిచేయకపోతే శబ్ద తరంగాలతో కంటి లోపలి చిత్రాన్ని చూపే బీ-స్కాన్ చూస్తూ మాక్యులా ఎక్కడుందో గుర్తించి కొలవాలి. సిలికాన్ ఆయిల్ నింపిన కంటిలో శబ్దం సెకనుకు దాదాపు 980 మీటర్ల వేగంతోనే కదులుతుంది కాబట్టి మామూలు అమరికతో కొలిస్తే కన్ను విపరీతమైన పొడవుగా కనిపిస్తుంది. యంత్రంలో ఆయిల్ అమరిక ఎంచుకోవాలి, లేదా కాంతి యంత్రం వాడాలి. పసిపిల్లలకు మత్తు ఇచ్చి కొలుస్తారు, కన్ను ఇంకా పెరుగుతుంది కాబట్టి కావాలనే తక్కువ పవర్ వేస్తారు. అది పూర్తిగా సర్జన్ నిర్ణయం.

ఎంత నంబరు మిగల్చాలి

లెక్క సరిగ్గా సున్నాకు కుదిరే లెన్స్ చాలాసార్లు దొరకదు. అటువంటప్పుడు కొద్దిగా మైనస్ మిగిల్చే లెన్స్‌నే ఎంచుకుంటారు. కొద్దిపాటి మైనస్ ఉన్నవారికి దగ్గరివి కొంతైనా తేటగా కనిపిస్తాయి, ప్లస్ మిగిలినవారికి అద్దాలు లేకుండా దూరమూ దగ్గరా రెండూ ఇబ్బందే. అయితే రోగి బతుకుతెరువు తెలియకుండా ఈ మాట తేల్చడం సరికాదు. పోచంపల్లిలోనో మంగళగిరిలోనో మగ్గం మీద కూర్చునే నేతగాడికి, నిజామాబాదు, జగిత్యాల వైపు రోజంతా బీడీలు చుట్టే అమ్మకు, పుట్టుక నుంచీ మైనస్‌తో అద్దాలు తీసి చదవడం అలవాటైనవారికి రెండు డయాప్టర్ల మైనస్ మిగల్చడమే ఉపకారం కావచ్చు. లారీ నడిపేవారికి అదే అన్యాయం అవుతుంది. కొలత గదిలో "ఏం పని చేస్తారమ్మా?" అని అడిగి, జవాబును కాగితం మీద రాసి సర్జనుకు చేరవేయండి. ఆపరేషన్ రోజు ఆ ప్రశ్న అడిగే తీరిక ఎవరికీ ఉండదు.

కాగితం మీద మరొక అంకె కూడా సిద్ధంగా ఉండాలి. ఆపరేషన్‌లో సహజ కటకాన్ని చుట్టి ఉండే పలుచని సంచి చిరిగితే లెన్స్‌ను సంచిలో కాక దాని ముందు పెట్టవలసి వస్తుంది, అది కార్నియాకు దగ్గరగా జరుగుతుంది కాబట్టి పవర్ తగ్గించాలి. లెక్కలో వచ్చినది 28.5 లేదా అంతకంటే ఎక్కువైతే 1.5, 17.5 నుంచి 28 మధ్యనైతే 1, 9.5 నుంచి 17 మధ్యనైతే అర డయాప్టర్ తగ్గించడం వాడుకలో ఉన్న పద్ధతి. అంతకంటే తక్కువ పవర్లకు మార్చనవసరం లేదు. కంటి ముందు గదిలో (కార్నియా వెనకనున్న ఖాళీలో) పెట్టే లెన్స్‌కు స్థిరాంకమే వేరు, దానికి విడిగా లెక్క వేయాలి.

రాయడం, తర్వాత చూసుకోవడం

సరిగ్గా తీసిన కొలత కూడా రాతలో చెడిపోతుంది. శిబిరంలో ఒకే ఊరి నుంచి ఇద్దరు లక్ష్మమ్మలు, ముగ్గురు వెంకటయ్యలు రావడం మామూలే. పేరు ఒక్కటే కాక, తండ్రి లేదా భర్త పేరు, వయసు, రిజిస్టరు నంబరు కలిపి సరిచూడండి. కుడి, ఎడమ అని పూర్తిగా అక్షరాల్లో రాయండి. యంత్రం ముద్రించిన కాగితాన్నే కేసు షీటుకు అతికించండి. అంకెలను చేతితో ఎక్కించవలసి వస్తే ఒకరు చదువుతుంటే మరొకరు సరిచూడాలి. ఆపరేషన్ గదిలో లెన్స్ పెట్టె తెరిచే ముందు రోగి పేరు, కన్ను, లెన్స్ రకం, పవర్ బయటికి వినబడేలా చదవమని సిబ్బందిని కోరండి.

ఆపరేషన్ అయిన నాలుగు నుంచి ఆరు వారాలకు రోగి అద్దాల పరీక్షకు వచ్చినప్పుడు, వచ్చిన నంబరును మీరు ముందు ఊహించిన నంబరు పక్కన ఒక పుస్తకంలో రాయండి. రెండో కంటికి లెన్స్ ఎంచుకునేటప్పుడు ఈ తేడా నేరుగా పనికొస్తుంది. ఒకే రకం లెన్స్, ఒకే యంత్రం వాడిన, ఏ ఇబ్బందీ లేకుండా జరిగిన కేసులు కొన్ని పదులు పోగయ్యాక ఆ తేడాల సగటు తీయండి. అందరికీ ఒకే దిశలో ప్లస్ మిగులుతుంటే స్థిరాంకాన్ని కొంచెం పెంచాలి, మైనస్ మిగులుతుంటే తగ్గించాలి. అయితే స్థిరాంకాన్ని ముట్టుకునే ముందు తేడాలను సహాయకుల వారీగా విడదీసి చూడండి. ఒకరు కొలిచినవారికే మైనస్ మిగులుతుంటే లోపం లెన్స్‌లో లేదు, ఆ సహాయకుడు కార్నియాను నొక్కుతున్నాడు. అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని, గది లోతు అంకెను చూస్తూ తేలికగా ఆనించడం మళ్ళీ నేర్పాలి. అందరిలోనూ ఒకేలా కనిపిస్తే యంత్రపు అమరికను, గోళంతో చేసే సరిచూపును పరీక్షించి, అవి సరిగ్గా ఉన్నాయని తేలిన తర్వాతే సర్జనుతో మాట్లాడి కొత్త స్థిరాంకాన్ని యంత్రంలో ఎక్కించి, ఎక్కించిన తేదీని పుస్తకంలో రాయాలి.